హన్నా అలక

మిన్ అయ్యగారి మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు. ముందే చెబుతున్నాను, ఇది క్షమాపణతో ముగిసే సాక్ష్యం కాదు. అలాంటివి కావలసినవాళ్ళు ఆదివారం మందిరానికి వెళితే పూటకి రెండు మూడు దొరుకుతాయి.

తొంభై ఆరు తుపానుకి రాజోలు దగ్గర మా ఊళ్ళో కొబ్బరిచెట్లు పోయాయి, ఇళ్ళు పోయాయి, మందిరం పైకప్పు కూడా ఎగిరిపోయింది. మరుసటి ఏడు కొరియా నుంచి ఒక మిషన్ వాళ్ళు వచ్చి, సిమెంటు, ఇనుము అన్నీ వాళ్ళే పెట్టుకుని కొత్త మందిరం కట్టించారు. పక్కనే పాడుబడ్డ పాత మిషన్ బంగళాకి సున్నం వేయించారు. అందులోకి వాళ్ళ కుటుంబం ఒకటి దిగింది. దొరగారు వస్తున్నారంటే తెల్లగా, ఎత్తుగా, పిల్లికళ్ళతో ఎవరో వస్తారని ఊరంతా రోడ్డు మీద నిలబడి చూశాం. కారు దిగినాయన మాలో చాలామంది కంటే పొట్టి.

"చలికాలం స్వెట్టర్లమ్మేవాళ్ళలా ఉన్నారేంటండి?" అని పక్కింటి జ్ఞానమ్మ నా చెవిలో గొణిగింది.

ఆయన పేరు మిన్. భార్య పేరు మా నోళ్ళకి తిరగలేదు, అందుకని అమ్మగారు అనేవాళ్ళం. మూడేళ్ళ పాప పేరు హనా. బైబిల్లో మాకు హన్నా ఉంది కాబట్టి ఆ పిల్ల హన్నా అయిపోయింది.

అప్పటికి మా ఆయన ఏసురత్నం గారు పాతికేళ్ళుగా ఆ సంఘానికి కాపరి. చదివింది ఏడో తరగతి. జీతం అంటూ ఏమీ లేదు, పండక్కి పంచె, కోతలకి బియ్యం. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు ఆయన చేసినవే, పోయినవాళ్ళని మట్టిలో పెట్టిందీ ఆయనే. తుపాను రోజున పెంకులు గాల్లో ఎగురుతుంటే ముసలివాళ్ళని ఒక్కొక్కరినే భుజాన వేసుకుని హైస్కూలుకి చేర్చాడు. మిన్ అయ్యగారికి ఇవేవీ పట్టలేదు. బైబిల్ కాలేజీ సర్టిఫికెట్ లేనివాడు పుల్పిట్ ఎక్కకూడదని వాళ్ళ మిషన్‌లో రూలుందట. కొత్త మందిరం తెరిచిన రోజునే ప్రసన్నకుమార్ అనే కుర్రవాణ్ణి తెచ్చి పాస్టరుగా నిలబెట్టారు.

మా ఆయన సిగ్గు విడిచి బంగళాకి వెళ్ళి అడిగాడు. వెనకాల నేనూ ఉన్నాను.

"ఒక్క ఆదివారం అండి. కొత్త మందిరంలో ఒక్కసారి వాక్యం చెప్పి దిగిపోతాను."

మిన్ అయ్యగారు తెలుగు నేర్చుకున్నది బైబిల్ చదివి. అందుకని ఆ భాషే మాట్లాడేవాడు. "సహోదరుడా, నియమము నియమమే. నీవు క్రింద కూర్చుండుము" అన్నాడు, నవ్వుతూనే.

మా ఆయన కిందే కూర్చున్నాడు. వెనకవైపు చాప మీద, గోడకి ఆనుకుని. పైన ప్రసన్నకుమార్ వాక్యం చెబుతుంటే కింద ఈయన పెదవులు కదిలేవి. చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని. ఆ క్రిస్మస్ రాకముందే పోయాడు. డాక్టరు గుండెపోటన్నాడు. నాకు తెలుసు అది ఏ పోటో. సమాధి దగ్గర మిన్ అయ్యగారు నిలబడి, "ఈ సంఘ సభ్యుడైన ఏసురత్నము" అని మొదలుపెట్టాడు. సభ్యుడట! మా ఆయన చేతిలో బాప్తిస్మం తీసుకున్న జనం ఆ మాటకి "ఆమేన్" అన్నారు. ఆ మనిషి కుళ్ళి కుళ్ళి ఏడవడం చూడాలని ఆ మట్టి దగ్గరే అనుకున్నాను. ఎలాగన్నది మాత్రం తోచలేదు.

దారి మా అమ్మాయి కరుణ చూపించింది, తనకి తెలియకుండానే. కరుణ కువైట్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పనికి ఉండేది. మా వైపు ఆడపిల్లలు చాలామంది అలాగే వెళ్ళారు. నాన్న పోయాడని విని ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. ఏడుపయ్యాక మాటల్లో పడి చెప్పింది.

"ఇక్కడ మేడం గారి పిల్ల నేను కలిపి పెడితే గానీ తినదమ్మా. వాళ్ళమ్మ ఎత్తుకుంటే మొహం గీరేస్తుంది. మేడం బాత్రూంలోకెళ్ళి ఏడుస్తుంది, పాపం."

అంతకు రెండు రోజుల ముందే మిన్ అయ్యగారు నా మీద జాలిపడి, విధవరాలు కదా, పాపని చూసుకునే పనిలో చేరమని కబురు పంపాడు. కబురు తెచ్చినవాడి మొహం మీదే తలుపు వేశాను. బూత్‌లోంచి బయటికి వచ్చాక ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా బంగళాకి వెళ్ళి, చేరతానని చెప్పాను. "ఎంత మంచి మనసండి అయ్యగారిది" అని ఊరంతా మెచ్చుకుంది. నేనూ అవునన్నాను.

ఆ కుటుంబానికి మా ఊరు అస్సలు పడలేదు. ఎండకి ముగ్గురికీ ఒళ్ళంతా చెమటకాయలు. కరెంటు పోతే అమ్మగారు అట్టముక్కతో విసురుకుంటూ గుమ్మంలోనే కూర్చునేది. క్యాబేజీకి కారం పట్టించి, జాడీల్లో వేసి పులియబెట్టి, దాంతోనే అన్నం తినేవారు. ఎండుచేపలు తినేవాళ్ళం మేము, మాకే ఆ వాసనకి తల తిరిగేది. మా ఎండలకి ఆ జాడీలు పొంగి పాడైపోయేవి. పాప ఏం పెట్టినా ఉమ్మేసేది. పుల్లలా అయిపోయింది.

నేను వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి వేసి మెత్తగా కలిపి, గోరుముద్దలు చేసి, కాలవ గట్టు మీద కూర్చోబెట్టి పెట్టాను. ముద్దకో కబురు చెప్పాను. బాతుల్ని చూపించాను, పడవని చూపించాను. గిన్నె ఖాళీ అయింది. అమ్మగారు నా చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమె మీద నాకు పగేమీ లేదు. ఆయనకీ నాకూ మధ్యలో ఆమె అడ్డం ఉంది, అంతే.

ఏడాది తిరిగేసరికి హన్నా మెత్తళ్ళ వేపుడు, పీతల పులుసు, కొత్తావకాయ అన్నీ లాగించేస్తోంది. క్యాబేజీ జాడీ మూత తీస్తే ముక్కు మూసుకుని "ఛీ, కంపు" అని పారిపోయేది. కొరియా మాట అడిగితే తెలుగులో జవాబు చెప్పేది. ఊళ్ళో అందరూ ఎలా పిలుస్తారో అలాగే కన్నతల్లిని "అమ్మగారూ" అనేది, కన్నతండ్రిని "అయ్యగారూ" అనేది. నన్ను మాత్రం మామ్మా అనేది. ఒకసారి జ్వరం వచ్చి ఒళ్ళు కాలిపోతుంటే, పక్కన తల్లి కూర్చుని ఉండగా "మామ్మా, మామ్మా" అని కలవరించింది. మిన్ అయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. ఆయన మొహం చూశాక నా కడుపు చల్లబడింది. ఇంటికి వెళ్ళి మా ఆయన ఫొటో ముందు కూర్చుని కడుపునిండా అన్నం తిన్నాను.

ఆ ఫొటో హన్నా కూడా చూసింది. ఐదో ఏట అనుకుంటాను, మా ఇంటికి వచ్చినప్పుడు వేలు పెట్టి చూపించి, "ఈ తాతెవరు మామ్మా?" అంది.

"మా ఆయనే."

"ఎక్కడున్నాడు?"

"మీ నాన్న చంపేశాడు" అన్నాను.

ఆ పిల్ల ఎందుకు, ఎలా అని అడగలేదు. చాలాసేపు ఫొటో వంకే చూసింది. ఆ మర్నాటి నుంచి తండ్రి ఒళ్ళో కూర్చోవడం మానేసింది. ఎత్తుకోబోతే కర్రలా బిగుసుకుపోయేది. నేను ఇంకో మాట చెప్పవలసిన అవసరం రాలేదు.

అలగడం కూడా నేనే నేర్పాను. మన ఇళ్ళల్లో ఎవరు నేర్పుతారు, పుట్టుకతో వస్తుంది. కోపం వస్తే కంచం తోసేసి గోడవైపు తిరిగి పడుకుంటాం, ఎవరో ఒకరు వచ్చి బతిమాలతారు, గడ్డం పట్టుకుంటారు, చివరికి తింటాం. ఆ ఇంట్లో ఆ పద్ధతి లేదు. అంతర్వేది తీర్థం వచ్చింది. హన్నా బుడగలు, జీళ్ళు కావాలని, తీర్థానికి తీసుకెళ్ళమని అడిగింది. దేవుడి తీర్థానికి మిషనరీ కూతురా అని తండ్రి కుదరదన్నాడు. "అలుగు. అన్నం మానెయ్. మానేస్తే వాళ్ళే దిగివస్తారు" అన్నాను దాని చెవిలో.

మానేసింది. పొద్దున్న తినలేదు, మధ్యాహ్నం తినలేదు. తల్లి కంగారుపడింది గానీ మిన్ అయ్యగారు దిగిరాలేదు సరికదా, మురిసిపోయాడు. వాళ్ళలో ఉపవాస ప్రార్థన గొప్ప సంగతి. మరుసటి రోజు ఆదివారం పుల్పిట్ ఎక్కి, "నా చిన్న కుమార్తె ఈ గ్రామము కొరకు ఉపవాసముండి ప్రార్థించుచున్నది" అని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పిల్ల జీళ్ళ కోసం అలిగిందని సంఘంలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. "హల్లెలూయ అండి" అన్నారు అందరూ. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. తీర్థానికి వెళ్ళిన జ్ఞానమ్మ చేత జీళ్ళు తెప్పించి, వంటింటి వెనక తలుపులోంచి వెళ్ళి, హన్నాకి ఆకలి తీరేదాకా నా చేత్తోనే అన్నం పెట్టి, పైన జీడి పెట్టాను. ఆ తర్వాత అది ఎన్నిసార్లు అలిగినా అదే వరస. వాళ్ళ కంచం తోసేసేది, వెనక తలుపు వైపు చూసేది.

రెండువేల ఒకటిలో మిన్ అయ్యగారిని వాళ్ళ దేశంలో పెద్దాఫీసుకి రమ్మన్నారు. సామాన్లు సర్దుతుంటే అమ్మగారు నన్ను లోపలికి పిలిచింది. ఆమె తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చేది.

"సంపూర్ణమ్మ గారు, నాకు తెలుసు. మీరు ఎందుకు చేస్తారు, తెలుసు. నాకు కోపం ఉంది. చాలా ఉంది. కానీ ఈ ఊరులో నేను తినలేదు, అయ్యగారు తినలేదు. హన్నా తిన్నది. అందుకే ఊరుకున్నాను."

ఆమె అడిగి ఉంటే మా ఆయన సంగతి చెప్పేదాన్నేమో. అడగలేదు, తల వంచుకుని చీరలు మడతపెట్టింది. ఊళ్ళోవాళ్ళు పెట్టిన చీరలన్నీ పట్టుకుపోతోంది.

రాజమండ్రి స్టేషన్‌కి వెళ్ళే కారు వచ్చిన రోజు హన్నా కిటికీ ఊచలు పట్టుకుని వదల్లేదు. ఊరంతా అక్కడే ఉంది. దాని ఏడుపు కాలవ అవతలి గట్టుకి కూడా వినిపించి ఉంటుంది. తండ్రి వేళ్ళు విడదీస్తుంటే చెయ్యి కొరికింది. నెత్తురొచ్చింది. ఆయన ఆ చేత్తోనే నాకు దణ్ణం పెట్టి, "మీరు చెప్పుడి. మీ మాట వినును" అన్నాడు. నేను దగ్గరికి వెళ్ళాను. దాన్ని ఎత్తుకుని కారులో కూర్చోబెట్టాను. కూర్చోబెడుతూ, ఎవరికీ వినబడకుండా, "అక్కడ నీ మాట నెగ్గకపోతే ఏం చేయాలో తెలుసుగా?" అన్నాను. ఏడుస్తూనే తల ఊపింది. కారు వెళ్ళిపోయాక జ్ఞానమ్మ నన్ను పట్టుకుని ఓదార్చింది. నాకు ఓదార్పు అక్కరలేదు. తలచుకున్నది సగం నెరవేరిందని ఒళ్ళంతా తేలిగ్గా ఉంది.

నెల తిరక్కుండానే ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రసన్నకుమార్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. వాళ్ళింట్లో ఫోనుంది. "కొరియా నుంచండి. అయ్యగారు. మిమ్మల్నే పిలవమంటున్నారు, తొందరగా రండి" అన్నాడు. నేను తొందరపడలేదు. చెప్పులు వేసుకుని, తలుపు గడియ పెట్టుకుని వెళ్ళాను.

"సంపూర్ణమ్మ గారు, హన్నా భుజించుట లేదు" అన్నాడు మిన్ అయ్యగారు. గొంతు గుర్తుపట్టలేకపోయాను. "ఆస్పత్రిలో ఉన్నది. చేతికి సెలైన్ పెట్టిరి. గొట్టము వేసిన లాగివేయుచున్నది. డాక్టరు... డాక్టరు మంచి మాట చెప్పుట లేదు. ఆమెతో మాటలాడుము. మీ పాదములు పట్టుకొందును."

ఏడుస్తున్నాడు. నేను కోరుకున్న ఏడుపే, కుళ్ళి కుళ్ళి. చెవులారా విన్నాను.

"మాట్లాడతానండి. ముందు మీరొక మాట అనాలి. ఏసురత్నం పాస్టరు గారు అనండి."

"ఏసురత్నం పాస్టరు గారు" అన్నాడు వెంటనే. ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఏసురత్నం పాస్టరు గారు, ఏసురత్నం పాస్టరు గారు..."

"ఆపండి" అన్నాను.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట కోసం ఒక మనిషి చాప మీద కూర్చుని చచ్చిపోయాడు. ఆ మాట కోసం నేను ఇన్నేళ్ళు కాచుకుని కూర్చున్నాను. ఈయన దాన్ని చిల్లరలా విసిరేస్తున్నాడు. ఆ క్షణంలో మా వీధిలో గేదెని పాస్టరు అనమన్నా అనేవాడు. మా ఆయన గుర్తుకొచ్చి అన్నది కాదు, ఆయనెవరో కూడా గుర్తుండి ఉండదు. ఏమని తిట్టాలో తెలియక పళ్ళు నూరుతుంటే అవతల ఫోను చేతులు మారింది.

"మామ్మా" అంది హన్నా.

చాలా నీరసంగా ఉంది గొంతు. మాటకీ మాటకీ మధ్య రొప్పుతోంది. అయినా ఉత్సాహంగానే ఉంది.

"మామ్మా, నేను అలిగాను. అయ్యగారు రోజూ ఏడుస్తున్నారు."

"ఎందుకు తల్లీ ఇన్నాళ్ళు?"

"తాతని చంపాడుగా. బాగా ఏడవనీ."

అబద్ధం ఎందుకు, సంతోషం వేసింది. నా తరఫున పగ పట్టిన మనిషి ఈ లోకంలో ఒక్కతుందని గుండె పొంగింది. అంతలోనే అది దగ్గింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. ఫోను రెండు చేతులతో చెవికి అదుముకున్నాను.

"చాలమ్మా, నెగ్గేశావు. ఇంక తిను. మామ్మ చెబుతోంది కదా, బంగారుతల్లీ, ఒక్క ముద్ద."

"నువ్వు పెట్టు."

"నేనెక్కడున్నానే? చాలా దూరం."

"వెనక తలుపులోంచి వస్తావుగా. ఇక్కడా తలుపుంది. రోజూ చూస్తున్నాను మామ్మా." మళ్ళీ రొప్పింది. "ఎప్పుడొస్తావు?"

బతిమాలాను. బుజ్జగించాను. బెదిరించాను. మా ఆయన మీద ఒట్టు పెట్టాను. ఎన్ని చెప్పినా ఒకటే మాట, నువ్వొస్తే తింటా. ఆ పిల్ల మొండితనం నాకు తెలుసు, అది నాదే. నా కోసం చూసినంత కాలం అది ఎవరి చేతి ముద్దా ముట్టుకోదు. చచ్చిపోతుంది. ఆస్పత్రిలో తలుపు వైపు చూస్తూ చచ్చిపోతుంది.

"హన్నా, విను" అన్నాను. "నేను రాను. ఎప్పటికీ రాను. నేను నీకు మామ్మనేంటే? మీ నాన్న జీతమిచ్చాడు, పని చేశాను. మీ నాన్న మీద కోపంతో నిన్ను మాలిమి చేసుకున్నాను. నువ్వంటే నాకేం ఇష్టం లేదు. నువ్వు తిన్నా మానినా నాకొకటే."

పనిలో చేరిన రోజున ఎవరైనా అడిగి ఉంటే ఇవే మాటలు చెప్పేదాన్ని. ఆ రోజున అవన్నీ నిజాలే.

ప్రసన్నకుమార్ నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు.

"అబద్ధం" అంది హన్నా, చాలాసేపటికి.

"నిజం."

"నువ్వు చెడ్డదానివి!" అని అరిచింది. అంత గొంతు దానిలో ఎక్కడ దాగుందో. "నీతో ఇంక మాట్లాడను, ముసల్దానా!" ఏదో కింద పడిన చప్పుడు వినిపించింది, లైను తెగిపోయింది.

ఆ సాయంత్రమే అమ్మగారు ఫోన్ చేసిందని ప్రసన్నకుమార్ మళ్ళీ పిలుచుకెళ్ళాడు. "తిన్నది. గిన్నె నా చేతిలోంచి లాగి తిన్నది. కోపంగా తిన్నది" అంది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

క్రిస్మస్ పండక్కి మిన్ అయ్యగారు ఫోన్ చేశాడు. మీ మేలు మరువను, దేవుడు మీ ద్వారా అద్భుతము చేసెను అని ఏదో చెప్పుకుపోతుంటే, ఆయన దేవుడు ఆయనది అనుకుని ఊరుకున్నాను. హన్నా బాగా లావెక్కిందట, స్కూల్లో చేరిందట. "ఆమెను పిలిచెదను, ఉండుము" అన్నాడు. వద్దనడానికి నోరు రాలేదు. దూరంగా హన్నా గొంతు వినిపించింది. చాలా గట్టిగా, గబగబా ఏదో అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అంతా కొరియా మాట.

"ఆమె రాదట" అన్నాడు మిన్ అయ్యగారు, చిన్నబోయి. "మీరు పిలిచిన యెడల వచ్చునేమో. ఫోను ఆమె చెవి దగ్గర పెట్టెదను. పిలువుడి."

అలిగిన పిల్లని బతిమాలాలి. ఒక్కసారి "తల్లీ" అంటే చాలు, ఆ పిల్ల మనసు కరిగిపోతుందని నాకు తెలుసు. కరిగితే మళ్ళీ తలుపు వైపు చూడటం మొదలుపెడుతుంది.

"వద్దులెండి, ఆడుకోనివ్వండి" అని ఫోన్ పెట్టేశాను.